నిమిషాల ఆట, నెమ్మది చదువు

అరవై నాలుగు గడులు, ముప్పై రెండు పావులు, ఇద్దరు ఆటగాళ్ళకు వంతులవారీగా ఒక్కొక్క ఎత్తు అనే చదరంగపు కట్టుబాటు సెల్‌ఫోను తెర మీదకు వచ్చినా మారలేదు. అయితే తెర మీద రోజుకు ఇరవై ముప్పై ఆటలు ఆడుతూ ఎదిగినవాడి ఆలోచన, బల్ల ముందు కూర్చొని ఒక్క ఆటకే మూడు నాలుగు గంటలు వెచ్చిస్తూ ఎదిగినవాడి ఆలోచన ఒకే తీరున రూపుదిద్దుకోవు. మొదటివాడికి ముందుగా చూపు పదునెక్కుతుంది, రెండవవాడికి ముందుగా లెక్క కుదురుతుంది. ఈ తేడా ఎందుకు వస్తుందో, ఆన్‌లైన్ ఆటగాడికి దానివల్ల సమకూరే బలాలేవో, మిగిలిపోయే లోపాలేవో, మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు గత ఎనభై ఏళ్ళుగా చదరంగం మీద జరుపుతూ వచ్చిన పరిశోధనల ఆధారంగా చాలావరకు స్పష్టంగానే చెప్పవచ్చు.

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి, మిరప మైదానానికి ఈ ఆటతో ఉన్న సంబంధం చిన్నది కాదు. 1986లో గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ 2001లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయి, 2004లో ప్రపంచ జూనియర్ విజేతగా నిలిచి, 2016లో ప్రపంచ ర్యాంకుల్లో మొదటి పదిమందిలో చోటు సంపాదించుకున్నాడు. అదే ఊళ్ళో 1991లో పుట్టిన ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్ హోదా పొంది, 2012, 2015, 2017 సంవత్సరాల మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్పుల్లో మూడుసార్లు కాంస్యం గెలుచుకున్నది. స్మార్ట్‌ఫోను చేతికి రాని రోజుల్లోనే ఈ ఇద్దరి ఆటకు పునాది పడింది. నేడు పర్చూరులోనో, మార్టూరులోనో, చిలకలూరిపేట చుట్టుపక్కల పల్లెల్లోనో ఉన్న పిల్లవాడికి శిక్షకుడు దొరకాలంటే పట్నం పోవలసిందే కాని, ప్రత్యర్థి దొరకడానికి మాత్రం ఎక్కడికీ పోనక్కరలేదు. 2016 తరువాత మొబైల్ డేటా చౌక కావడంతో బ్రెజిల్ వాడితోనో, పోలండ్ వాడితోనో అర్ధరాత్రి అయినా ఆడగలుగుతున్నాడు. ప్రత్యర్థి దగ్గరయ్యాడు, గురువు మాత్రం దూరంగానే ఉండిపోయాడు. ఆన్‌లైన్ ఆటగాడి బలమూ, లోపమూ చాలావరకు ఈ పరిస్థితి నుంచే పుట్టుకొస్తున్నాయి.

ముందుగా ఆటలోని కాల విభజనను తెలుసుకోవడం అవసరం. ఒక్కొక్కరికి అరవై నిమిషాలు, అంతకంటే ఎక్కువ ఉంటే దానిని క్లాసికల్ ఆట అనీ, పది నిమిషాలకు పైబడి అరవైకి లోబడి ఉంటే ర్యాపిడ్ అనీ, పది నిమిషాలు లేదా అంతకు తక్కువైతే బ్లిట్జ్ అనీ అంటారు. మూడు నిమిషాలలోపు ఆటకు ఆన్‌లైన్‌లో బుల్లెట్ అనే పేరు స్థిరపడింది. ఎత్తు వేసిన ప్రతిసారీ గడియారానికి కొన్ని సెకన్లు కలిసే పద్ధతిని ఇంక్రిమెంట్ అంటారు. ఇప్పటి ఆన్‌లైన్ ఆటలో అత్యధికం బ్లిట్జ్, బుల్లెట్ రకాలే కావడం వల్ల, ఆటగాడు ఒక్కొక్క ఎత్తుకు సగటున నాలుగైదు సెకన్లకు మించి కేటాయించలేడు.

అంత తక్కువ వ్యవధిలో కూడా మంచి ఎత్తు ఎలా తడుతుంది అన్న ప్రశ్నకు సమాధానం వెతికినవారిలో ముఖ్యుడు డచ్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త అడ్రియాన్ డి గ్రూట్. గొప్ప ఆటగాళ్ళు ఇతరులకంటే చాలా ఎక్కువ ఎత్తులు ముందుకు చూస్తారన్న నమ్మకం నిజం కాదనీ, వారు మొదటి చూపులోనే పనికివచ్చే ఎత్తులను ఏరుకోగలుగుతారనీ 1946లో ప్రచురించిన గ్రంథంలో ఆయన చూపించాడు. 1973లో అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ ఈ విషయాన్ని మరింత నిశితంగా పరీక్షించారు. నిజమైన ఆటలోని ఒక స్థితిని అయిదు సెకన్లు చూపించి, దానిని ఖాళీ బల్ల మీద తిరిగి పేర్చమన్నప్పుడు మాస్టర్ సుమారు పదహారు పావులను, కొత్తవాడు నాలుగింటిని సరైన గడుల్లో పెట్టగలిగారు. అవే పావులను అర్థం పర్థం లేకుండా చెదరగొట్టి చూపించినప్పుడు మాత్రం ఇద్దరూ దాదాపు ఒకే స్థాయికి దిగివచ్చారు. మాస్టర్ జ్ఞాపకశక్తి పుట్టుకతో పెద్దదైతే రెండవ పరీక్షలోనూ అతడే గెలవాలి. అలా జరగలేదు కనుక, అతడు పావులను విడివిడిగా కాక, నాలుగైదింటిని ఒక అర్థవంతమైన గుచ్ఛంగా చూస్తున్నాడని వారు నిర్ధారించారు. కోట కట్టుకొని మూల చేరిన రాజు, పక్కన ఏనుగు, ముందు మూడు బంట్లు అనే అయిదు పావులు అనుభవజ్ఞుడి మనసులో ఒక్క వస్తువుగానే నమోదవుతాయి. ఇటువంటి గుచ్ఛాలు మాస్టర్ స్మృతిలో పదివేల నుంచి లక్ష వరకు ఉండవచ్చునని సైమన్ బృందం అంచనా వేసింది.

ఈ మైదానంలో ఈ సంగతిని పోల్చి చెప్పడానికి ప్రయోగశాల అక్కరలేదు. కల్లంలో ఆరబోసిన మిరపకాయల నుంచి తాలు కాయలను ఏరే స్త్రీ ప్రతి కాయనూ చేతిలోకి తీసుకొని రంగు, తొడిమ, ముడత అంటూ లెక్క కట్టదు. మంచి కాయ ఎట్లా ఉంటుందో ఎన్నో పంటలుగా చూసిన కన్ను, తాలు కాయ కనపడగానే చేతిని అటు నడిపిస్తుంది. బ్లిట్జ్ ఆటగాడిలో పనిచేసేదీ ఈ చూపే. ఒకే గుర్రం రెండు పెద్ద పావుల మీద ఒకేసారి పడే జంట దెబ్బను, రాజు వెనుక వరుసలో ఊపిరి సలపకుండా చిక్కుకొనే స్థితిని అతడు వేలసార్లు చూసి ఉంటాడు కాబట్టి, అవి మళ్ళీ ఎదురైనప్పుడు ఆలోచించకుండానే గుర్తుపడతాడు. సాంప్రదాయిక పోటీల్లో ఆడేవాడికి ఏడాదికి వంద ఆటలు దొరకడం కష్టమైతే, ఆన్‌లైన్ ఆటగాడికి అవి వారం రోజుల్లో దొరుకుతాయి. కొందరు శిక్షకులు ఈ ఆటను కాలక్షేపంగా తీసిపారేయడం న్యాయం కాదు. బ్రూస్ బర్న్స్ అనే పరిశోధకుడు 2004లో బ్లిట్జ్ పోటీల ఫలితాలను విశ్లేషించి, ఆటగాళ్ళ నైపుణ్యంలోని తేడాల్లో 81 శాతం వరకు ఆ వేగపు ఆటలోనే బయటపడుతుందని చూపించాడు. అంటే నెమ్మది ఆటలోని బలంలో కూడా అధిక భాగం ఈ గుర్తుపట్టే శక్తి మీదనే ఆధారపడి ఉన్నదన్నమాట.

రెండవ బలం ఒత్తిడిలో చేయి వణకకపోవడం. 2020లో మహమ్మారి కారణంగా ఒలింపియాడ్ ఆన్‌లైన్‌కు మారినప్పుడు, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు అయిదు సెకన్ల ఇంక్రిమెంట్ చొప్పున పోటీలు జరిగాయి. భారత జట్టులో హరికృష్ణ, హారిక, కోనేరు హంపి ముగ్గురూ ఉన్నారు. పోలండ్‌తో సెమీఫైనల్ సమం కాగా, నిర్ణాయకమైన ఆర్మగెడాన్ ఆటలో, అంటే తెల్ల పావులకు సమయం ఎక్కువ ఇచ్చి, నల్ల పావులకు డ్రా అయినా గెలుపుగా లెక్కగట్టే ఆటలో, హంపి మోనికా సోచ్కోను ఓడించి జట్టును ఫైనల్‌కు చేర్చింది. ఆగస్టు 30న రష్యాతో జరిగిన ఫైనల్ రెండవ అంచెలో ఇంటర్నెట్ తెగిపోయి ఇద్దరు భారత క్రీడాకారులు గడియారం మీద ఓడినట్లు నమోదు కావడంతో, ప్రపంచ చదరంగ సమాఖ్య అయిన ఫిడే రెండు జట్లనూ ఉమ్మడి విజేతలుగా ప్రకటించింది. నెట్‌వర్క్ కూడా ఆటలో ఒక భాగమేనన్న సంగతిని ఈ ఘటన ప్రపంచమంతటికీ చూపింది. కరెంటు పోయే పల్లెలో ఆడే పిల్లవాడికి అది ముందునుంచీ తెలిసినదే.

ఇక లోపాల విషయానికి వస్తే, మొదట రేటింగ్ అనే అంకెను సరిగా అర్థం చేసుకోవాలి. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలో రూపొందించిన పద్ధతిని ఫిడే 1970లో స్వీకరించింది. ఇద్దరి మధ్య వంద పాయింట్ల తేడా ఉంటే పైవాడికి నూటికి సుమారు 64, రెండు వందలుంటే 76, నాలుగు వందలుంటే 91 పాయింట్లు రావాలన్నది దాని అంచనా. ఆన్‌లైన్ వేదికలు వాడే గ్లికో పద్ధతి, రేటింగుతో పాటు ఆ రేటింగును ఎంతవరకు నమ్మవచ్చో తెలిపే మరో అంకెను కూడా లెక్కిస్తుంది. చాలా రోజులు ఆడనివాడి రేటింగుపై నమ్మకం తగ్గుతుంది కనుక అతడి పాయింట్లు వేగంగా కదులుతాయి. అయితే లీచెస్ వేదిక ప్రతి ఒక్కరినీ 1500 దగ్గర మొదలుపెడుతుంది, ఫిడే 2024 మార్చి నుంచి కనిష్ఠ రేటింగును 1400కు పెంచింది. రెండు చోట్లా ఆడే సమూహాలు వేరు, కాల నియమాలు వేరు. ఏ రకమో, ఎంత తేమో తెలియకుండా ఒక యార్డులో పలికిన మిర్చి ధరను మరో యార్డు ధరతో పోల్చడం ఎంత పొరపాటో, ఫోనులో 1900 ఉన్నది కనుక బల్ల మీదా అంతే ఉంటుందనుకోవడం అంత పొరపాటు.

అసలు లోపం మాత్రం ఆ బలంలోనే దాగి ఉన్నది. తెలిసిన దారి కళ్ళ ముందు కనపడగానే మనసు కొత్త దారులను వెతకడం మానివేస్తుంది. దీనిని మనోవిజ్ఞాన శాస్త్రంలో ఐన్‌స్టెల్లుంగ్ ప్రభావం అంటారు, అలవాటు వేసిన గాడి అని తెలుగులో చెప్పుకోవచ్చు. 2008లో మెరిమ్ బిలాలిచ్, పీటర్ మెక్‌లియోడ్, ఫెర్నాండ్ గోబె నిపుణులైన ఆటగాళ్ళకు ఒక సమస్యను ఇచ్చారు. అందులో అందరికీ తెలిసిన పద్ధతిలో అయిదు ఎత్తుల ఆటకట్టు ఒకటి, అంతగా తెలియని పద్ధతిలో మూడు ఎత్తుల ఆటకట్టు మరొకటి ఉన్నాయి. అయిదు ఎత్తుల దారి దొరికిన వెంటనే, అంతకంటే మంచిది వెతుకుతున్నామని ఆటగాళ్ళు చెబుతూనే ఉన్నారు, కాని కంటి కదలికలను నమోదు చేసే పరికరం మాత్రం వారి చూపు మళ్ళీ మళ్ళీ పాత దారికి చెందిన గడుల మీదకే పోతున్నదని చూపించింది. నిజాయితీగా వెతుకుతున్నామనుకుంటున్న మనిషిని అతడి కన్నే మోసగిస్తున్నదన్నమాట. రోజూ వేగంగా ఆడేవాడిలో ఈ గాడి మరింత లోతుగా పడుతుంది, ఎందుకంటే మొదట తోచిన ఎత్తు తరచుగా సరిపోతూ ఉంటుంది, సరిపోని సందర్భంలో ఆగి చూడడానికి వ్యవధి ఉండదు. ప్రత్యర్థి ఎత్తు రాకముందే తన ఎత్తును నిర్ణయించి ఉంచే ముందస్తు ఎత్తు సదుపాయం, ఎదుటివాడి ఉద్దేశాన్ని ప్రశ్నించే అలవాటునే మానిపిస్తుంది.

రెండవ లోపం ఆట చివరి దశలో కనిపిస్తుంది. వేగపు ఆటలో పావులు తగ్గేసరికి ఇద్దరికీ సెకన్లే మిగులుతాయి కనుక, ఆన్‌లైన్ ఆటగాడు ఈ దశను వేల ఆటల్లో దాటివచ్చినా ఒక్కసారి కూడా నింపాదిగా చూసి ఉండడు. కొన్ని నియమాలు మాత్రం అనుభవంతో కాక, తెలుసుకొంటేనే వస్తాయి. ఒక వైపు రాజు, బంటు, మరో వైపు ఒంటరి రాజు మిగిలినప్పుడు, బలం ఉన్నవాడి రాజు తన బంటుకు ముందుగా ఆరో వరుసకు చేరితే, ఆ బంటు బల్ల అంచున ఉన్నది కాకపోతే, వంతు ఎవరిదైనా గెలుపు తప్పదు. రాజులిద్దరూ మధ్య ఒక్క గడి విడిచి ఎదురెదురుగా నిలిచినప్పుడు ఎవరి వంతు వస్తే వారే దారి ఇవ్వవలసి రావడం ఈ నియమానికి మూలం. అలాగే ఒక్కొక్క ఏనుగు, ఒక వైపు మాత్రమే బంటు మిగిలిన ఆటలో, రక్షించుకొనేవాడు తన రాజును బంటుకు ఎదురుగా ఉంచి, తన ఏనుగును తన వైపు నుంచి మూడో వరుసలో నిలిపి ఎదుటి రాజును రానివ్వకుండా, బంటు ఆ వరుసకు అడుగుపెట్టగానే ఏనుగును బల్ల అవతలి చివరకు పంపి వెనుక నుంచి చెక్‌లు ఇస్తే డ్రా చేసుకోగలడు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిడోర్ పేరిట ప్రసిద్ధమైన ఈ పద్ధతిని గంటసేపట్లో నేర్చుకోవచ్చు. తెలియనివాడు మాత్రం జీవితాంతం అర పాయింట్లు పోగొట్టుకుంటూనే ఉంటాడు. ఇరవై రకాల ప్రారంభపు ఉచ్చులు కంఠస్థం చేసి, ఈ ఒక్క రక్షణ తెలియని పిల్లలు ఎందరో ఉండడం బాధ కలిగించే విషయం.

మూడవది ఓటమిని వెంటాడే స్వభావం. ఓడిన మరుక్షణం మళ్ళీ ఆడడానికి మీట సిద్ధంగా ఉంటుంది. పోయిన పాయింట్లను అప్పటికప్పుడే రాబట్టాలన్న తొందరలో ఆడే తరువాతి ఆట అంతకంటే హీనంగా ఉంటుంది. వరుసగా రెండు ఆటలు ఓడితే ఆ పూటకు ఫోను పక్కన పెట్టడమే దీనికి మందు.

ఇంజిన్, అంటే చదరంగమాడే కంప్యూటర్ ప్రోగ్రాం విషయాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. స్టాక్‌ఫిష్ వంటి ఇంజిన్ ప్రతి స్థితికీ ఒక విలువ కడుతుంది. ప్లస్ ఒకటి అంటే తెల్ల పావులకు సుమారు ఒక బంటు విలువైన ఆధిక్యం ఉన్నదని అర్థం. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడిన బొడ్డుచర్ల తిమ్మన్నను నూరుగురు ఒక్కటై నిలిచినా గెలిచేవాడని మన చాటు సంప్రదాయం కీర్తిస్తుంది. నేడు అటువంటి నూరుగురినీ ఒకేసారి ఓడించగల యంత్రం ప్రతి పిల్లవాడి జేబులోనూ ఉన్నది. ఆట నడుస్తుండగా దానిని సంప్రదించడం మోసమన్నది నిర్వివాదం. ఆట ముగిసిన వెంటనే సంప్రదించడం కూడా నష్టమేనన్న సంగతి మాత్రం చాలామందికి తోచదు. ఇంజిన్ ఎక్కడ తప్పు జరిగిందో చెబుతుంది కాని, ఆ క్షణంలో ఆటగాడి మనసులో ఏ ఆలోచన నడిచిందో దానికి తెలియదు. తప్పుకు మూలం ఆ ఆలోచనలోనే ఉన్నది. సరైన ఎత్తును ఎర్ర, పచ్చ గీతలతో చూపగానే తెలిసిపోయినట్లు అనిపిస్తుంది, వారం తరువాత అదే స్థితి వస్తే అదే తప్పు దొర్లుతుంది.

మెరుగుపడే మార్గం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఓడిన ముప్పై ఆటలను తీసుకొని, ఇంజిన్ తెరవకుండా, ప్రతిదానిలో ఆట ఎక్కడ చేజారిందో, అప్పుడేమనుకొని ఆ ఎత్తు వేశాడో ఆటగాడు తన చేతితో ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఆ తరువాతనే ఇంజిన్‌తో సరిచూసుకొని, మిర్చిని గ్రేడు చేసినట్లుగా తప్పులను వేరుచేయాలి: రక్షణ లేకుండా పావును వదిలేసినవి ఒక రాశి, ఎదుటివాడి బెదిరింపును గమనించనివి మరొకటి, ఏం చేయాలో తోచక పావులను ఊరికే తిప్పినవి ఇంకొకటి, గడియారం వల్ల పోయినవి వేరే. సాధారణంగా వీటిలో ఒక రాశి మిగతావాటికంటే చాలా పెద్దదిగా తేలుతుంది. దానికి మాత్రమే వైద్యం చేయాలి. ఎదుటివాడి బెదిరింపులు గమనించనివాడు ప్రతి ఎత్తుకు ముందు ప్రత్యర్థి ఇవ్వగల చెక్‌లను, చంపగల పావులను వరుసగా చూసుకొనే అలవాటు చేసుకోవాలి; దానికి బ్లిట్జ్‌లో వ్యవధి చాలదు కనుక, పదిహేను నిమిషాలకు పది సెకన్ల ఇంక్రిమెంట్ ఉన్న ఆటలు రోజుకు ఒకటి రెండు ఆడడం మంచిది. పజిల్స్, అంటే ఒక స్థితిని ఇచ్చి సరైన ఎత్తు కనుక్కోమనే సమస్యల విషయంలోనూ తప్పిన వాటిని మరునాడు, వారానికి, నెలకు తిరిగి సాధించాలి. ఎడం పాటిస్తూ నెమరువేసినది ఒక్క పూటలో బట్టీ పట్టినదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుందని హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు.

ఒంటరిగా చేసే ఈ చదువుకు ఎంత విలువ ఉన్నదో నీల్ చార్నెస్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. పోటీల్లో ఆడిన కాలం కంటే, బల్ల ముందు ఒంటరిగా కూర్చొని శ్రద్ధగా అధ్యయనం చేసిన గంటలే ఆటగాడి స్థాయిని ఎక్కువగా నిర్ణయిస్తున్నాయనీ, గ్రాండ్‌మాస్టర్లు తొలి పదేళ్ళలో సుమారు 5,000 గంటలు అలా గడిపారనీ, మధ్యస్థాయి ఆటగాళ్ళతో పోలిస్తే అది దాదాపు అయిదు రెట్లనీ తేలింది. దీనిని బట్టి అందరికీ ఒకే కొలత అనుకోకూడదు. గోబె, గిల్లెర్మో కాంపిటెల్లి అర్జెంటీనా ఆటగాళ్ళను పరిశీలించినప్పుడు మాస్టర్ స్థాయికి చేరడానికి ఒకరికి 3,016 గంటలు సరిపోగా మరొకరికి 23,608 గంటలు పట్టాయి. తోటివాడు ఆరు నెలల్లో దాటిన మెట్టు దగ్గర రెండేళ్ళు ఆగిపోయిన పిల్లవాడిని మందబుద్ధి అనడానికి ఎవరికీ హక్కు లేదు.

తెర నుంచి బల్లకు మారడం చివరి పరీక్ష. ప్రధాన పోటీల్లో నలభై ఎత్తులకు తొంభై నిమిషాలు, ఆపైన ముప్పై నిమిషాలు, ప్రతి ఎత్తుకూ ముప్పై సెకన్ల ఇంక్రిమెంట్ ఇవ్వడం సాధారణం. ముట్టుకున్న పావును కదిలించి తీరాలి, ప్రతి ఎత్తునూ కాగితం మీద రాయాలి. పై నుంచి చదునుగా చూడడానికి అలవాటుపడిన కంటికి, కూర్చున్నచోటి నుంచి ఏటవాలుగా కనిపించే నిలువు పావులు మొదట్లో కొత్తగా తోస్తాయి. దూరాన ఉన్న శకటు దారి చూపుకు అందక పోయిన ఆటలు ఇలాంటివారికి మామూలే. అందువల్ల ఫోనులో ఆడిన ఆటను అసలు బల్ల మీద తిరిగి నడిపి చూడడం, పజిల్స్‌ను బల్ల మీద పేర్చి సాధించడం పోటీకి కనీసం రెండు నెలల ముందు నుంచే మొదలుపెట్టాలి.

2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత పురుషుల, మహిళల జట్లు రెండూ స్వర్ణం గెలిచినప్పుడు, మొదటిదానిలో హరికృష్ణ, రెండవదానిలో హారిక ఉన్నారు. ఒకే ఊళ్ళో పుట్టిన ఇద్దరు. వారి తరువాతి తరం పిల్లలు ఈ జిల్లాల ఊళ్ళలో ఈ రాత్రి కూడా ఫోనుల్లో ఆడుతూనే ఉన్నారు, వారికి ప్రత్యర్థుల కొరత లేదు. ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులు, గ్రంథాలయాల నిర్వాహకులు ఆదివారం పూట ఒక్క గది తెరిచి, నాలుగు బల్లలు, నాలుగు గడియారాలు, ఎత్తులు రాసుకోవడానికి కొన్ని కాగితాలు ఉంచితే, ఆ పిల్లలకు కొరవడిన నెమ్మది ఆట వారి ఊళ్ళోనే దొరుకుతుంది.